మైనస్ ఇంటూ మైనస్ ప్లస్, ఎందుకని అడక్కూడదు

వేసవి సెలవులు పిల్లల కోసం ఇస్తారని ఇంకా ఎవరైనా నమ్ముతుంటే వాళ్ళ అమాయకత్వానికి నా నమస్కారం. వేసవి సెలవులున్నది బీజగణితం కోసం. మధ్యమధ్యలో స్నానానికీ భోజనానికీ పిల్లలు కాస్త లేస్తుంటారు, అంతే.

ఇది మంచిదా, చెడ్డదా అంటారా? మంచిదే. కాదన్నవాళ్ళతో వాదించడానికే ఈ వారం కలం పట్టాను.

నా అర్హత కూడా చెప్పుకోవాలి కదా. నాది కళ్ళద్దాల షాపు. పొద్దున్నే షట్టరెత్తింది మొదలు మైనస్ పవరు, ప్లస్ పవరు అంటూ బతికేవాణ్ణి. మా ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే ఆ రెండు గుర్తుల చలవే. గణితం గురించి ఉపన్యసించడానికి ఇంతకంటే ఏం కావాలి?

మాకు ఒక్కతే కూతురు. పేరుతో పిలవడం ఎప్పుడో మానేశాం, ‘వసపిట్ట’ అంటాం. కళ్ళు తెరవడంతోనే నోరూ తెరుస్తుంది. పళ్ళు తోముకుంటూ కూడా ఏదో అడుగుతుంది, నురగలోంచి సగమే అర్థమవుతుంది. అద్దంలో కుడి ఎడమలు మారతాయి గానీ పైనా కిందా ఎందుకు మారవు? చీమకి నీడ ఉన్నట్టు చీమకి తెలుసా? గోడలకు చెవులుంటాయంటారు. మా ఇంటి గోడలు మాత్రం ఆ చెవులు మూసుకునే ఉండేవి.

స్కూలు మూసే రోజున లెక్కల మేడమ్ నన్నూ మా ఆవిణ్ణీ పిలిపించింది. మా అమ్మాయి వచ్చే ఏడాది అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్ క్లాసుకి ఎంపికైందట. ఆ మాట వినగానే నా ఛాతీ చొక్కా గుండీలను పరీక్షించింది. మేడమ్ ఒక కట్ట షీట్లు చేతిలో పెట్టి, “సెలవుల్లో ఆల్జీబ్రా బేసిక్స్ కాస్త చూసుకోమనండి. కాస్త చాలు” అంది.

‘కాస్త’ అనే మాటను తేలిగ్గా తీసుకునే రకం కాదు మేము. మా ఆవిడ ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. ఏ సూక్ష్మక్రిమినీ ‘కాస్తే కదా’ అని వదిలే మనిషి కాదు. ఇంటికి రాగానే గోడ మీద టైమ్‌టేబుల్ వెలిసింది. పొద్దున బ్రాకెట్లు, మధ్యాహ్నం భిన్నాలు, సాయంత్రం సమీకరణాలు. ఆదివారం విశ్రాంతి, అంటే పాత తప్పులు దిద్దుకోవడం.

ఇక లాభాలు చూడండి. ఏటా సెలవుల్లో మా బావమరిది సముద్రం పక్కన ఉన్న తన ఇంటికి రమ్మని పిలుస్తాడు. వెళితే ఇసుక, ఎండ, తిరిగొచ్చాక చెప్పుల్లోంచి రాలే గవ్వలు. ఈ ఏడు ఆ బాధే లేదు. ఫోన్ చేసి, “బావగారూ, మేనకోడల్ని పంపండి, ఈత నేర్పిస్తాను” అన్నాడు.

“కుదరదోయ్. దానికి ఎక్స్ విలువ కనుక్కోవాల్సిన పని ఉంది” అన్నాను.

“ఇక్కడ కనుక్కోవచ్చు కదా?”

“అక్కడ దృష్టి చెదురుతుంది.”

“సముద్రం ఉన్నది అందుకేగా బావగారూ” అని పెట్టేశాడు. చదువు విలువ తెలియని మనిషి.

దాంపత్యానికి కూడా ఆల్జీబ్రా అంత మేలు చేసేది మరొకటి లేదు. ఎన్నాళ్ళుగానో మా ఇద్దరి మధ్యా మాటలంటే గ్యాసు వచ్చిందా, గొళ్ళెం పెట్టారా వరకే. ఇప్పుడు మేం మేధావుల్లా వాదించుకుంటున్నాం. బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే విప్పేటప్పుడు లోపలి గుర్తులన్నీ మారతాయి కదా. అది పిల్లకి ఎక్కడం లేదని మా ఆవిడ ఒక పోలిక చెప్పింది.

“బ్రాకెట్ ముందు మైనస్ అంటే ఇంటికొచ్చిన ఆడపడుచు అనుకోవే. తలుపు తియ్యగానే లోపలున్న ప్రతి ఒక్కరి మొహమూ మారిపోతుంది.”

అది మా అక్క మీద విసిరిన బాణమని నాకు తెలుసు. ఆల్జీబ్రా కాబట్టి గౌరవించి ఊరుకున్నాను.

అన్నిటికంటే పెద్ద లాభం ఇంకోటుంది. మొదటి వారంలో వసపిట్ట మామూలుగానే ఉంది. షీటు ముందేసుకుని, “నాన్నా, మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుంది?” అని అడిగింది.

“అవుతుంది” అన్నాను.

“అదే, ఎందుకు?”

“రూలమ్మా.”

“ఎవరు పెట్టారు?”

“పెద్దవాళ్ళు.”

“వాళ్ళకి ఎలా తెలిసింది?”

“వాళ్ళు షీట్లన్నీ పూర్తిచేశారు కాబట్టి తెలిసింది” అంది మా ఆవిడ వంటింట్లోంచి. ఇంతకంటే తిరుగులేని జవాబు ఎవరివ్వగలరు?

అప్పట్నుంచి పిల్ల అడగడం తగ్గించింది. ఒక వారం తర్వాత పూర్తిగా మానేసింది. పళ్ళు తోముకునేటప్పుడు బ్రష్షు చప్పుడు తప్ప మరేదీ వినపడలేదు. భోజనాల దగ్గర తల వంచుకుని తిని లేచిపోయేది. ఇల్లు తపోవనంలా మారిపోయింది. “మీ అమ్మాయికి ఒంట్లో బాగాలేదా?” అని పక్కింటివాళ్ళు అడిగారు. “బాగానే ఉంది, రివిజన్‌లో ఉంది” అని గర్వంగా చెప్పాను. షీట్ల మీద టిక్కులు పెరిగాయి, మాటలు తగ్గాయి. ఏ తండ్రికైనా ఇంతకు మించిన భాగ్యం ఏముంటుంది?

ఒక మధ్యాహ్నం మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చేసరికి పిల్ల మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన ఆ రోజు షీటు, అన్నీ సరైన జవాబులే. మొహం మాత్రం ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయి ఉంది.

“ఏమైందే?”

“అమ్మా, నేను ఆ క్లాసుకి రానని మేడమ్‌కి చెప్పెయ్యవా?”

“అన్నీ సరిగ్గానే చేశావు కదే!”

“చెయ్యడం వచ్చమ్మా. ఎందుకలా చెయ్యాలో తెలీదు. అక్కడ అందరికీ తెలిసే ఉంటుంది. నాకు తెలీదని వాళ్ళకి తెలిసిపోతుంది.”

సాయంత్రం ఈ సంగతి మా ఆవిడ నాకు చెప్పింది. నేను అంతా విని, ఇది వినయమనీ, వినయం విద్యకు భూషణమనీ తీర్మానించాను. తనకేమీ తెలీదని ఇంత చిన్న వయసులో తెలుసుకోవడం మాటలా? కాస్త ధైర్యం రావడానికి ఇంకో షీటు ఎక్కువ చేయిద్దామన్నాను. మా ఆవిడ నావైపు చూసిన చూపుకి ల్యాబులో అయితే ఏదో ఒక రిపోర్టు రాసేవాళ్ళు.

మర్నాడు పొద్దున్నే మా చదువు మీద పెద్ద పిడుగు పడింది. పిల్ల చదువుకునే బల్ల వెనక గోడలో నీళ్ళ పైపు పగిలింది. షీట్లన్నీ నానిపోయాయి, టైమ్‌టేబుల్ జారి బకెట్లో పడింది. మా ఆవిడకి డ్యూటీ. ప్లంబరు గోడ పగలగొడుతున్నాడు, ఆ దుమ్ములో పిల్లని ఉంచేది లేదు. వేరే దారి లేక షాపుకి వెంటబెట్టుకెళ్ళాను. చేతిలో ఒక్క షీటు కూడా లేకుండా! ఒక రోజు చదువు గంగపాలైందని దారిపొడుగునా బాధపడ్డాను. పిల్ల మాత్రం బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

షాపులో ఊరికే కూర్చోలేక పవర్ అద్దాల పెట్టె తెరిచింది. కళ్ళు పరీక్షించేటప్పుడు గుండ్రటి ఖాళీ ఫ్రేములో మార్చి మార్చి పెడతామే, ఆ అద్దాలు. ఒక మైనస్ అద్దం తీసి గోడ మీది అక్షరాలకేసి చూసింది. దాని మీద ఇంకో మైనస్ అద్దం ఆనించి మళ్ళీ చూసింది.

“నాన్నా, అబద్ధం చెప్పావు నువ్వు.”

చాలా రోజుల తర్వాత దాని నోట విన్న పూర్తి వాక్యం అదే.

“ఏం అబద్ధం?”

“మైనసూ మైనసూ కలిస్తే ప్లస్ అన్నావు. ఒక మైనస్ పెడితే అక్షరాలు చిన్నవైనాయి. రెండోది పెడితే ఇంకా చిన్నవైనాయి. ప్లస్ అవలేదు. ఇంకా పెద్ద మైనస్ అయింది.”

ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, నాకెప్పుడూ తట్టలేదు. అప్పుడే ఒక ముసలి ప్లీడరుగారు కళ్ళజోడు వదులైందని వచ్చి కుర్చీలో కూర్చున్నారు. నేను మరలు బిగించేలోపు మా అమ్మాయి ఆయన ముక్కు మీద ఖాళీ ఫ్రేము తగిలించేసింది.

“తాతగారూ, మీ పాత పవరెంత?” అని అడిగి, సరిపడే అద్దాలు వేసింది. “పేపరు కనిపిస్తోందా?”

“భేషుగ్గా.”

దాని మీద ఒక మైనస్ వేసింది. “ఇప్పుడు?”

“మసకగా ఉందమ్మా.”

ఇంకో మైనస్ వేసింది. “ఇప్పుడు?”

“ఇప్పుడు నా కేసు ఓడిపోయినట్టే.”

పిల్ల పైనున్న మైనస్ అద్దం ఒకటి తీసింది. “ఇప్పుడు?”

“కాస్త మెరుగు.”

తీసిన అద్దాన్ని మళ్ళీ పెట్టింది. ఈసారి దాన్ని ముట్టుకోకుండా అంతే పవరున్న ప్లస్ అద్దాన్ని పక్కన చేర్చింది. “ఇప్పుడు?”

“ఇందాకట్లాగే ఉంది. కాస్త మెరుగు.”

పిల్ల కదలకుండా నిలబడిపోయింది. ఆ మొహాన్ని మీరు చూడాల్సింది.

“నాన్నా, మైనస్‌ని తీసేస్తే ప్లస్ పెట్టినట్టే ఉంది. కలపడం వేరు, తీసెయ్యడం వేరు. తీసెయ్యడం ఒక మైనస్, అద్దం ఒక మైనస్. మైనస్‌లని రెండుసార్లు తీసేస్తే రెండు ప్లస్‌లు పెట్టినట్టు. అందుకే ప్లస్! రూలు కాదు నాన్నా, అది నిజంగానే అలా ఉంది.”

“అమ్మాయ్, నేను తీర్పు ఇస్తే నువ్వే గెలిచావు. నా కళ్ళు నాకు తిరిగిస్తావా?” అన్నారు ప్లీడరుగారు.

ఆ రోజు షాపు మూసేదాకా అది నోరు ముయ్యలేదు. బ్రాకెట్ ముందు మైనస్ అంటే లోపలున్నవన్నీ కలిపి తీసెయ్యడమేనా? అలాగైతే లోపల మైనస్ ఉంటే బయట ప్లస్ అవుతుంది కదా? మరి అత్తయ్య వస్తే అమ్మ మొహం ఎందుకు మారాలి? ఇంటికి వెళ్ళేసరికి నాకు తలనొప్పి పట్టుకుంది. తపోవనం పోయింది, సంత తిరిగొచ్చింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఆ గోలంతా విని, నానిన షీట్లను ఎండబెట్టడం మానేసి పిల్ల జడ విప్పి దువ్వుతూ కూర్చుంది. మిగిలిన షీట్లు పిల్లే అడిగి చేసింది. కొన్ని తప్పు చేసింది కూడా. క్లాసుకి రానన్న మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

చూశారా, రివిజన్ మహిమ! ఆ రోజు షీటు ముట్టుకోలేదు కదా అని మీరు సన్నాయి నొక్కులు నొక్కొచ్చు. పైపు పగలడానికి కూడా బల్ల అక్కడ ఉండాలిగా? బల్ల అక్కడ ఎందుకుంది? ఆల్జీబ్రా కోసమే కదా? వాదనలో నన్ను గెలవలేరు.

ఇక స్కూలు తెరిచారు. కొన్నాళ్ళకి తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. అడ్వాన్స్‌డ్ క్లాసు మేడమ్ బల్ల ముందు మేం ముగ్గురం కూర్చున్నాం. ఆవిడ మంచి మనిషి, పాపం కంటి కింద నల్లటి చారలు. పిల్లలు ఎక్కువ, పీరియడ్లు తక్కువ.

“ప్రస్తుతం బేసిక్స్ రివైజ్ చేస్తున్నామండీ. టర్మ్ అయ్యేదాకా అదే” అంది.

“సెలవుల్లో చేసినవేనా?” అంది మా ఆవిడ.

“అవే. అవే షీట్లు కూడా. సెలవుల్లో పిల్లలు మర్చిపోతారు కదండీ.”

“మర్చిపోకూడదనే కదా మేడమ్, సెలవులంతా చేయించాం?” అన్నాను.

“మీరు చేయించారు. అందరూ చేయించరు కదా. మర్చిపోయినవాళ్ళ కోసం మళ్ళీ మొదట్నుంచి చెప్పాలి.”

“మరి మర్చిపోనివాళ్ళు?”

“కూర్చుంటారు” అంది ఆవిడ, మర్యాదగానే.

తర్వాత కాస్త మొహమాటపడుతూ ఇంకో మాట చెప్పింది. “మీ అమ్మాయి తెలివైందే. కాకపోతే ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అంటుంది. మొన్న ఏదో అద్దాల గురించి చెప్పబోయింది, ఆపాల్సొచ్చింది. నాకూ వినాలనే ఉంటుందండీ. టైము ఉండదు. రివిజన్ చాలా ఉంది కదా.”

మా ఆవిడ ఏదో అనబోయి, మేడమ్ కళ్ళకింద చారలు చూసి ఊరుకుంది. నేను తల ఊపాను. ఎందుకో తెలుసుకోవడం కోసం లెక్కలు పెట్టారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది తీరుబడి ఉన్నప్పుడు చూసుకోవాల్సిన విషయమట. ఆ తీరుబడినే మనం వేసవి సెలవులనేవాళ్ళం. దాన్ని నేనూ మా ఆవిడా కలిసి గోడకి మేకు కొట్టి మరీ నింపేశాం.

బయటికొచ్చి నడుస్తుంటే వసపిట్ట నా చెయ్యి పట్టుకుంది.

“నాన్నా, వచ్చే సెలవుల్లో నాకు మర్చిపోవడం నేర్పిస్తావా? మర్చిపోయినవాళ్ళకి మేడమ్ మొదట్నుంచి చెబుతుంది. అప్పుడు ఎందుకో కూడా చెబుతుందేమో.”

వాళ్ళమ్మ మొహం అటు తిప్పుకుంది. నవ్వుకో, ఇంకెందుకో నాకు తెలీదు.

“తప్పకుండా నేర్పిస్తాను తల్లీ. ఆ సబ్జెక్టులో మీ నాన్నది ఎప్పుడూ అడ్వాన్స్‌డ్ కోర్సే” అన్నాను.