నీతిమంతుల తోటలో ఒక రాయి

మా సంఘపు సమాధుల తోటలో మొన్నటివరకు నీతిమంతులు తప్ప మరొకరు చేరలేదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. రాళ్లు చెక్కే ఆయన పని తేలికవుతుందని 'నీతిమంతుడు' అనే మాటను ముందే చెక్కి, పలకలు గోడకు ఆనించి పెట్టుకుంటాడు. మనిషి పోయాక పేరొక్కటి చేరిస్తే చాలు.

చర్చి గంట కొట్టే ముసలాయన పోయినప్పుడు ఈ చక్కని ఏర్పాటుకు చిక్కొచ్చి పడింది. ఆయన భార్య సంఘ పెద్దల గదికి వచ్చి, "అందరికీ రాసినట్టే మా ఆయనకీ ఆ ఒక్క మాట రాయించండయ్యా" అంది. నలభై ఏళ్లలో ఒక్క ఆదివారం గంట తప్పని మనిషే, కాదనము. కానీ కార్యదర్శిగారు ఒకసారి ఆలస్యంగా వస్తే, "గంట కొట్టి చాలాసేపైందండీ" అని పదిమందిలో అనేశాడు. అలాంటి నోటికి నీతిని ఎలా అంటగడతాం?

కార్యదర్శిగారు బైబిలు తెరిచారు. నీతిమంతుడు ఒక్కడైనా లేడని అందులో స్పష్టంగా ఉంది. "వాక్యం ముందు మేమెంతమ్మా" అన్నారు వినయంగా. పక్కనున్న బడిపంతులు ఊరుకోక, నోవహు నీతిమంతుడని, యోబు యథార్థవంతుడని అదే బైబిల్లో ఉంది కదండీ అన్నాడు. కార్యదర్శిగారు అందరికీ టీ తెప్పించారు.

పండితులు ఏళ్ల తరబడి జుట్టు పీక్కున్న ఆ ముడిని మా పెద్దలు టీ చల్లారేలోగా విప్పేశారు. రెండు వాక్యాలూ సత్యమే. ఏది ఎవరికి వర్తించేదీ పెద్దలు ఎప్పటికప్పుడు నిర్ణయిస్తారు. గంటాయనకు మొదటిది వర్తించిందని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.

ఆమెకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ దిగమింగుకుని, "అయితే పాపి అనే రాయించండయ్యా. రోజూ ప్రార్థనలో ఆయన చెప్పుకున్న మాట అదే" అంది. కాదనడానికి పెద్దలకు వాక్యం దొరకలేదు. అలాంటి పలక నిల్వలో లేనందున చెక్కడానికి మూడు రోజులు పట్టింది.

ఇప్పుడు తల్లులు పిల్లల్ని ఆ రాయి దగ్గరికి తీసుకెళ్లి, మాట వినకపోతే ఏమవుతుందో చూపిస్తున్నారు. ఇకమీదట గొడవలు రాకుండా, ఎవరికి ఏ మాట కావాలో ముందే రాసివ్వమని నీతిమంతులకొకటి, పాపులకొకటిగా రెండు జాబితాలు పెట్టాము. మేమందరం పాపులమని ప్రతి ఆదివారం గొంతు చించుకుని ఒప్పుకునే మూడువందల మందిలో, రెండో జాబితాలో పేరు ఇచ్చింది ఆయన భార్య ఒక్కతే.

తమరి పేరు ఎందులో రాసుకోమంటారు?