పళ్ళ డాక్టరుగారి పాటల గది

ఆదివారం పొద్దున్నే టిఫిన్ కాగానే పళ్ళ డాక్టరుగారు పాటల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. గడువు సాయంత్రం దాకానే. ఆయన భార్య చేయి తిరిగిన దర్జీ. ఆమె కుట్టుమిషను పెళ్ళైన నాటి నుంచీ భోజనాల బల్ల మీదే కాపురముంటోంది. డాక్టరుగారు దారప్పోగులు ఏరుకుంటూ భోజనం చేస్తారు. నిన్న రాత్రి ఆవిడే సంగతి తేల్చేసింది.

"పాటలకో గదీ, నా పనికి బల్ల మూలా? పోనీ ఆ పాటలైనా సరిగ్గా వినబడి చస్తాయా? నూతిలోంచి పాడుతున్నట్టుంటాయి. రేపు సాయంత్రానికి బాగైతే గది మీది. లేదంటే మిషను అందులోకొస్తుంది."

అందులో అబద్ధం లేదు. ఏ పాట పెట్టినా ఆ గదిలో మాట మాటకీ ఒక తోక మొలిచేది. కానీ రోజంతా నోళ్ళు తెరిపించి మూలుగులు వినే మనిషి ఆయన. సాయంత్రం ఓ గంట అక్కడ కూర్చుంటేనే మర్నాడు ఇంకో నోట్లోకి తొంగిచూసే ఓపిక వచ్చేది. ఆ గది పోతుందంటే నిజంగానే బెంగ పట్టుకుంది.

వైద్యం పద్ధతిగా మొదలైంది. ముందు పరీక్ష. గది మధ్య నిలబడి చప్పట్లు కొట్టారు. పెళ్ళి ఉంగరం టిక్కుమని అడ్డొస్తే తీసి, అందిన చోట పెట్టి, మళ్ళీ కొట్టారు. "టర్ర్ర్" అంటూ గోడలు బదులిచ్చాయి. రోగం తెలిసిపోయింది. ఎదురెదురుగా ఉన్న రెండు బోడి గోడలు చప్పుడుని మింగకుండా ఒకదాని మీదికొకటి విసురుకుంటున్నాయి.

"ఎవర్నండీ పిలుస్తున్నారు?" వంటింట్లోంచి భార్య కేకేసింది.

"ఎవర్నీ కాదు! గదిని పరీక్ష చేస్తున్నా!"

"ఏమంటోందేమిటి?"

"ఇంకా అంటూనే ఉంది!"

తరవాత స్పీకర్లలో సన్నగా ఒక గుంయ్‌కారం పెట్టారు. దాంతో కొత్త రోగం బయటపడింది. ఎక్కడో "జర్ర్" మని అదురు. నిన్నటిదాకా లేనిది ఎక్కణ్నుంచి ఊడిపడిందో తెలియలేదు. కిటికీలో ఉందనుకుంటే తలుపులో వినిపించింది, తలుపు దగ్గరికి వెళితే నేలలో వినిపించింది. డాక్టరుగారు చొక్కా చేతులు పైకి మడిచి, నేలకి చెవి ఆనించి, మోకాళ్ళ మీద పాకడం మొదలెట్టారు.

కూతుర్ని చూడ్డానికి వచ్చిన మామగారు తలుపు తీసింది అప్పుడే. పోలీసు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి.

"ఏం పోయింది అల్లుడుగారూ?"

డాక్టరుగారు తల ఎత్తకుండానే ష్‌మని మూతి మీద వేలు పెట్టుకున్నారు. మామగారి చూపు ఆ చేతి ఉంగరపు వేలి మీద పడింది. తెల్లటి చార ఉంది, ఉంగరం లేదు. ఆయనకి కేసంతా అర్థమైపోయింది. తలుపు దగ్గరగా వేసి, కటకటలాడే మోకాళ్ళతో తనూ నేల మీదికి దిగారు.

"అమ్మాయికి తెలియనివ్వను," అన్నారు గుసగుసగా.

"తెలిస్తే గది పోతుంది మావయ్యగారూ."

"గదితో పోతే అదృష్టవంతులే. చివరిసారి ఎక్కడ చూశారు?"

"కంటికి కనబడదండీ. వినబడుతుందంతే."

మామగారు పాకడం ఆపారు. "ఉంగరమా?"

"ఏ ఉంగరం?" అంటూ డాక్టరుగారు తన చేయి చూసుకున్నారు. వేలు బోడిగా ఉంది.

"ఏ ఉంగరం?" అని ఇంకో గొంతు కూడా అడిగింది. భార్య గుమ్మంలో ఉంది.

దర్యాప్తు మామగారి చేతిలోకి వెళ్ళింది. ఎక్కడ తీశారో డాక్టరుగారికి కంగారులో ఒక్క ముక్కా గుర్తు రాలేదు. "అయితే టిఫిన్ తినేటప్పుడు జారిపోయుంటుంది. బల్ల చుట్టూ ఉన్న బట్టలన్నీ ఇక్కడికి తెండి. బోడి గది కదా, దులిపితే టింగుమని పడ్డం వినబడుతుంది," అన్నారాయన.

కుట్టాల్సిన కోట్లు, మఖ్మల్ తెరలు, గౌన్లు, మందపాటి ఉన్నిగుడ్డల తానులు అన్నీ వచ్చాయి. ఒక్కొక్కటీ దులిపి కిటికీకీ తలుపుకీ మేకులకీ తగిలించారు. తానులు గోడల వెంట పేర్చారు. గోడ కనబడ్డం మానేసింది. ఉంగరం మాత్రం రాలలేదు.

ఆఖరి కోటు పట్టుకుని భార్య కుర్చీలో కూలబడింది. "పోనీలెండి, గది మీరే ఉంచుకోండి. ఆ ఉంగరం దొరికితే చాలు నాకు," అంది. కళ్ళు చెమర్చాయి. డాక్టరుగారు దగ్గరికి వెళ్ళారు. "నాకు ఏ గదీ వద్దే," అనబోయి ఆగిపోయారు. ఆవిడ మాట తోక లేకుండా, తేటగా వినిపించింది. ఆపడం మరిచిన గుంయ్‌కారం వెనక ఆ "జర్ర్" కూడా ఇప్పుడు అన్ని వైపుల నుంచీ కాక, ఒక్క చోటి నుంచే వస్తోంది.

వెళ్ళి చూస్తే, నిలువెత్తు స్పీకరు పెట్టె నెత్తి మీద ఉంగరం గిరగిరా తిరుగుతూ అదురుతోంది.

భార్యే దాన్ని వేలికి తొడిగింది, కాస్త గట్టిగానే. డాక్టరుగారు ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టారు. "టప్" మంది, అంతే. గోడలు నోరెత్తలేదు.

"కుదిరింది! గడువులోపలే కుదిరింది! గది నాదే!"

"ఆగండల్లుడుగారూ," అని మామగారు ఓ కోటూ రెండు తెరలూ తీసి చూశారు. "టర్ర్ర్" అంది గది. మళ్ళీ తగిలించారు. ఊరుకుంది.

"గది మీదే, కాదనను," అంది భార్య. "కానీ బట్టలు నావి. అవెక్కడుంటే నా మిషనూ అక్కడే."

సాయంత్రానికి మిషను గదిలోకొచ్చింది. డాక్టరుగారు మంచి పాట ఒకటి పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. గది ఎంత బాగా కుదిరిందంటే, మిషను వేసే ఒక్కొక్క కుట్టూ విడివిడిగా వినబడింది.