చేతివాటం

ఆ రోజుకి సెలూన్ ఓనరు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. పొద్దున్నే కారు గ్యారేజీలో ఇవ్వాలి, మధ్యాహ్నానికి తెచ్చుకోవాలి, భార్యని ఎక్కించుకుని పక్క ఊరి ఆస్పత్రిలో ఉన్న మరదలి బిడ్డని చూసి రావాలి. బిడ్డ పుట్టి వారమైంది. బయల్దేరిన ప్రతిసారీ కారు సగం దారిలో పొగలు కక్కి వెనక్కి తిప్పించింది.

"ఈ సాయంత్రం తల్లీబిడ్డల్ని పంపించేస్తారట. ఆ తర్వాత వాళ్ళత్తగారింటికి వెళ్ళిపోతారు, అదెంత దూరమో మీకు తెలుసుగా. ఈవేళ కూడా రాలేదంటే మా చెల్లెలు జన్మలో నాతో మాట్లాడదు," అంది భార్య.

"మధ్యాహ్నానికల్లా కారు గుమ్మంలో ఉంటుంది. నా మీద నమ్మకం లేదా?"

"మీ మీద ఉందండీ. మీ మాట మీదే లేదు."

గ్యారేజీలో మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, "వాటర్ పంపు పోయిందన్నా. లేబరు మూడు గంటలు పడుతుంది," అన్నాడు. సెలూన్ ఓనరు దర్జాగా తలూపి, తాళాలిచ్చి, షాపుకి వెళ్ళాడు. ఇద్దరికి కటింగ్ చేసి మూడోవాడి గడ్డానికి నురగ పూస్తుండగా ఫోను మోగింది. "అయిపోయిందన్నా, వచ్చి తీసుకెళ్ళండి!"

అంత తొందరగా అయిందని దారి పొడుగునా మురిసిపోయాడు. ఆ మురిపెం బిల్లు చూసేదాకే.

"ఇదేంటి తమ్ముడూ? గంట కూడా పట్టలేదు, మూడు గంటలకి వేశావేం?"

"ఈ పనికి మూడు గంటలని కంపెనీయే లెక్క కట్టి పెట్టిందన్నా. కొత్తవాడు పొద్దంతా కుస్తీ పట్టినా మూడు గంటలకే తీసుకుంటాడు. నేను తొందరగా చేశానంటే అది నా చేతివాటం."

ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. మెకానిక్ ఉద్దేశంలో చేతివాటం అంటే పనితనం. సెలూన్ ఓనరుకి మాత్రం, ఆ మాటకొస్తే మనలో చాలామందికి, చేతివాటం అంటే పక్కవాడి జేబులో చెయ్యి పెట్టడం.

"విన్నావా? నోటితోనే ఒప్పుకుంటున్నాడు!" అన్నాడు, పక్కన టైరు మార్పించుకుంటున్న వ్యాను డ్రైవరుతో.

మెకానిక్‌కి చిర్రెత్తుకొచ్చింది. టోపీ తీసేశాడు. కింద నున్నటి బట్టతల తళతళలాడింది. "నెలనెలా మీ షాపుకొస్తాను కదన్నా. చెవుల పక్కన ఈ నాలుగు వెంట్రుకలు తప్ప ఏమున్నాయి? అయినా అందరితో సమానంగా తీసుకుంటారు. మిగతా కటింగ్ ఏదీ అని నేనెప్పుడైనా అడిగానా?"

డ్రైవరు పడీపడీ నవ్వాడు. నవ్వకుండా ఉంటే గొడవ అక్కడితో ఆగేదేమో. సెలూన్ ఓనరుకి రోషం వచ్చేసింది. "తల వేరు, కారు వేరు! మూడు గంటల డబ్బు కావాలంటే మిగిలిన రెండు గంటలూ పని చెయ్యి!"

"పనుంటే కదా చెయ్యడానికి!"

సరిగ్గా అప్పుడే భార్య ఫోను చేసింది. "ఏమండీ, బయల్దేరుతున్నారా?"

"ఎక్కడి బయల్దేరడం! ఇక్కడ మన కారు మీద చేతివాటం చూపించారు!"

అవతల్నుంచి "అయ్యయ్యో! డాష్‌బోర్డులో చెల్లెలి పాపకి కొన్న గొలుసు పెట్టానండీ!" అన్న కేక, ఫోను పెట్టేసిన చప్పుడు.

ఇల్లు వెనక వీధిలోనే. ఆమె రొప్పుతూ వచ్చి, ఎవరినీ పలకరించకుండా డాష్‌బోర్డు తెరిచింది. పాత గుడ్డ ఉంది, విరిగిన దువ్వెన ఉంది. గొలుసు పెట్టిన చిన్న సంచి లేదు.

మెకానిక్ మొహం పాలిపోయింది. "అక్కా, నా షాపులో ఇంతవరకూ ఒక్క బోల్టు కూడా పోలేదు."

"బోల్టుల సంగతి ఎవరడిగారు? గొలుసేది?"

"ఎక్కడో సందులోకి జారి ఉంటుంది. మీ కళ్ళముందే కారంతా విప్పుతాను. నామీద ఈ మచ్చ ఉంచుకుని రేపు షాపు తెరవలేను," అన్నాడు మెకానిక్. ఆ గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ వినిపించింది.

సీట్లు బయటికొచ్చాయి. మ్యాట్లు వచ్చాయి. డాష్‌బోర్డు ముక్కలై నేల మీద పరుచుకుంది. సెలూన్ ఓనరు కోరుకున్నట్టే మిగిలిన రెండు గంటల పనీ జరిగిపోయింది. గొలుసు మాత్రం దొరకలేదు.

"ఇంక నా వల్ల కాదు. నేను బస్సులో పోతున్నా," అంది భార్య కళ్ళు తుడుచుకుంటూ. "పెద్దమ్మనయ్యుండి ఉత్త చేతుల్తో బిడ్డనెలా ఎత్తుకోను?"

ఆమె వెళ్ళిపోయింది. సెలూన్ ఓనరుకి గుండె కలుక్కుమంది. ఇంకోసారి వెతుకుదామని, సీటు ఉండాల్సిన చోట వంగి తల దూర్చాడు. చొక్కా జేబులోంచి దువ్వెనలు జారిపడ్డాయి. వాటి వెనకే చిన్న సంచి.

గ్యారేజీలో విలువైనవి వదలకూడదని, తాళాలిచ్చేముందు దాన్ని తీసి జాగ్రత్త చేసింది తనే. గొడవలో ఆ సంగతే మర్చిపోయాడు.

"చేతివాటమంటే ఇదన్నమాట," అన్నాడు డ్రైవరు.

"తప్పయిపోయింది తమ్ముడూ, నిన్ననరాని మాటన్నాను. ఇప్పుడు తొందరగా బిగించు, బస్సు వెళ్ళిపోతుంది!"

మెకానిక్ టైరు మీద కూర్చుని చేతులు తుడుచుకున్నాడు. "తొందరగా చేస్తే మీ లెక్కలో డబ్బులు తగ్గిపోతాయి కదన్నా. నిదానంగా సాయంత్రం దాకా చేస్తాను."

"వద్దు నాయనా! ఎంత తొందరగా చేస్తే అంత ఎక్కువ తీసుకో!"

మెకానిక్ ఫక్కున నవ్వి లేచాడు. "ఎక్కువొద్దులెండి. కంపెనీ లెక్క చాలు."

ఆ చేతులు ఆడుతుంటే సెలూన్ ఓనరు నోరెళ్ళబెట్టి చూశాడు. ఆలస్యంగా బయల్దేరిన బస్సు ఊరు దాటకముందే కారు దానికి అడ్డంగా వెళ్ళి ఆగింది. భార్య దిగివచ్చి, కారెక్కి, సంచి చూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"ఎక్కడ దొరికిందండీ?"

"జేబులో."

"ఎవరి జేబులో?"

సెలూన్ ఓనరు ఖాళీ రోడ్డు మీద గట్టిగా హారన్ కొట్టాడు. ఆస్పత్రి గేటు దగ్గర మరదలు అప్పుడే బయటికొస్తోంది. అక్కని చూసి, మారుమాట్లాడకుండా బిడ్డని చేతిలో పెట్టేసింది.

నెల తిరిగాక మెకానిక్ కటింగ్‌కి వచ్చాడు, కుర్చీ వెచ్చబడేలోపే పని అయిపోయింది, పూర్తి డబ్బులూ ఇచ్చి వెళ్ళాడు.