రెండొందల పద్నాలుగు మెయిళ్లు

2004లో ఒక సోమవారం పొద్దున్న, నర్సీపట్నం హైస్కూలు గుమాస్తా కిరణ్ బాబు ఇడ్లీ ముగించక ముందే భార్య సారా పని పురమాయించింది.

"నా మెయిల్ బాక్సు నిండిపోనాదంటండి. శనివారం లోగా పాతవన్నీ తీసేస్తామని కంపెనీవోలు రాసీసేరు. బేగి ఎల్లి దాసీండి. అవి పోతే మీతో మాటాడను."

అవి మామూలు మెయిళ్లు కావు. సారా గుంటూరులో నర్సు ట్రైనింగులో ఉన్న రెండేళ్లూ, కాబోయే భర్త హోదాలో కిరణ్ బాబు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి పంపిన రెండొందల పద్నాలుగు ప్రేమలేఖలు. పైకి అనడు గానీ, తన జన్మలో చేసిన ఘనకార్యం అదొక్కటేనని అతని నమ్మకం.

నెట్ సెంటర్ మత్స్యరాజు అన్నింటినీ తన కంప్యూటర్లోకి దించేశాడు. కంపెనీ దగ్గర కూడా ఒక కాపీ ఉంచమని టిక్కు పెట్టాలన్న సంగతి ఇద్దరికీ తెలియదు. దించినవి దించినట్టే అక్కడ మాయమయ్యాయి. ఎందుకైనా మంచిదని కిరణ్ బాబు అన్నీ ప్రింటు తీయించి, కట్ట కట్టి బీరువా పక్కన పెట్టాడు. బుధవారం వైరస్ వచ్చిందని మత్స్యరాజు కంప్యూటర్ మొత్తం తుడిచేశాడు. ఇంట్లో కట్ట ఉందిగా అని కిరణ్ బాబు ధీమాగా ఇంటికొచ్చాడు.

"ఇక్కడ కాయితాల కట్టేదీ?"

"మీ స్కూలు సిత్తుకాయితాలా? పొద్దున్నే బజ్జీల లోవమ్మకి ఇచ్చీసేను. ఇల్లంతా మీ సెత్తేనండి."

కిరణ్ బాబు చెప్పులైనా వేసుకోకుండా బస్టాండుకు పరిగెత్తాడు. లోవమ్మ బండి దగ్గర, చర్చి స్త్రీల సమాజం అధ్యక్షురాలు రత్నమణి గారు మిరపకాయ బజ్జీ తింటూ, నూనె కాగితాన్ని దూరంగా పట్టుకుని కూడబలుక్కుంటున్నారు.

"అమ్మగారూ, అదిలా ఇచ్చీండి!"

"ఉండు బాబూ. ఈ ఉత్తరంలో సారాకి కోపం తగ్గిందో లేదో సూడనీ."

అప్పటికే సగం కాగితాలు రోలుగుంట, కృష్ణదేవిపేట ఆటోలెక్కేశాయి. మిగిలినవి తెచ్చి సారా ముందు పెట్టి జరిగింది చెప్పాడు.

"నా ఉత్తరాలు నా సేతుల్తో నేనే ఇచ్చీసేను కదండీ!" అని సారా ఘొల్లుమంది.

పెళ్లయ్యాక మొదటిసారి తప్పు తనది కానందుకు కిరణ్ బాబుకు లోలోపల సంబరమే. ఆమె కన్నీళ్లు చూశాక అది కాస్తా ఎగిరిపోయింది. ముక్కు చీదుకుంటున్న ఆ మనిషి మీద అతనికి విపరీతమైన ప్రేమ కలిగింది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక రత్నమణి గారు, ఎవరి దగ్గరున్న ఉత్తరం వారు తెచ్చి ఇవ్వాలని ప్రకటించారు. వారం తిరిగేసరికి నూనె మరకలతో ఒక్కొక్కటే ఇల్లు చేరాయి. చదవకుండా తెచ్చిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

"బాగానే రాసేవు గానీ, అన్ని ముద్దులేటి బాబూ?" అన్నాడు ఆటో సింగన్న.

లెక్కకు ఒక్కటే తగ్గింది. ఏది తగ్గిందో చూసుకుని కిరణ్ బాబు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాడు. మరుసటి ఆదివారం రత్నమణి గారు దాన్ని చేతపట్టుకుని, చర్చి గుమ్మంలో అందరూ వినేలా చదివారు.

"పెళ్లయ్యాక ఆదివారం వంట నాది. నువ్వు కాలు మీద కాలేసుకుని కూర్చో. ఇది నా ప్రమాణం."

"ఇదే, ఇదేనండి!" అని సారా ఆ కాగితాన్ని గుండెకు హత్తుకుంది.

ఆ మధ్యాహ్నం కిరణ్ బాబు కోడికూర వండాడు. రెండు ముద్దలు తిన్నాక, ఆ ఒక్క కాగితాన్ని సారా తనే చింపి చెత్తబుట్టలో వేసింది.