గైడ్‌గారి పుస్తకం మాయం

“వదినా, నా బుర్ర గురించి తెలిసిన నేరస్థుడెవడూ ఈ వీధిలో అడుగుపెట్టడు. ఎవరూ కదలకండి!”

గదిలో కదలడానికి వదిన ఒక్కతే ఉంది. మరిది తనకు తానే ఇచ్చుకున్న బిరుదు డేగకన్ను. ఇంతవరకూ ఛేదించినవి రెండే కేసులు: పోయిన గొడుగు, పోయిన టార్చిలైటు. రెండూ అతని చంకలోనే దొరికాయి.

ఈసారి పోయింది వదిన థీసిస్ చివరి పుస్తకాల జాబితాలో ఉండాల్సిన గైడ్‌గారి పుస్తకం. సాయంత్రంలోగా థీసిస్ ఇవ్వాలి. తన పుస్తకం ప్రస్తావన లేకపోతే ఆ మహానుభావుడు చచ్చినా సంతకం పెట్టడు. ఏళ్ల తరబడి పడిన చాకిరీ బూడిదలో పోసిన పన్నీరవుతుంది.

ఆమె చదివిన పుస్తకాల వివరాలన్నీ కంప్యూటర్లో ఒక ఫైల్లో ఉన్నాయి. నల్ల తెర మీద ఓ కమాండ్ కొడితే వాటికి ఇండెక్స్, అంటే వెతుక్కునే పట్టిక తయారవుతుంది. ఆపైన రచయిత పేరు కొడితే చాలు, ఆ పట్టికలోంచి పుస్తకం వచ్చి తెర మీద వాలుతుంది. అందరివీ వాలుతున్నాయి, గైడ్‌గారిది తప్ప.

“పొద్దున నా చేత్తోనే ఫైల్లో చేర్చాను. అక్కడ ఉంది. వెతికితే మాత్రం రావట్లేదు,” అంది వదిన ఏడుపుగొంతుతో.

“అంటే కిడ్నాప్! ఇంట్లో మీకు శత్రువులెవరు?”

“ప్రస్తుతానికి నువ్వే.”

డేగకన్ను పక్కగదిలోకి దూకాడు. అక్కడ అన్నయ్య చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

“ఈ పుస్తకాల పీడ ఎప్పుడు విరగడవుతుందోనని రాత్రి అన్నది నువ్వేనా?”

“నేనే.”

“ఒప్పుకున్నాడు!”

“ఒరేయ్, ఆ నల్ల తెర చూస్తేనే నాకు కళ్ళు తిరుగుతాయిరా!”

ఈ విచారణలో పడి చొక్కా వీపు మీద ఇస్త్రీపెట్టె అచ్చు పడింది. “సాక్ష్యం!” అంటూ డేగకన్ను దాన్ని లాక్కుని కంప్యూటర్ దగ్గరికి వచ్చి, భూతద్దంతో కీబోర్డు మీదికి వంగాడు.

“మీటల మధ్య బిస్కెట్ పొడి! దొంగ తిండిపోతు!”

“అది ఇందాక నువ్వు రాల్చిందే.”

అతని మోచేయి పైబాణం మీట మీద ఆనింది. మునుపు కొట్టిన కమాండ్లన్నీ తెర మీద ఒక్కొక్కటే వెనక్కి నడిచాయి. అంతలో బిస్కెట్ పొడి ముక్కులోకి పోయి తుమ్మొచ్చింది. నుదురు వెళ్ళి ఎంటర్ మీటకు కొట్టుకుంది.

“లే అక్కణ్ణించి! ఏం నొక్కావ్?”

వదిన అతన్ని పక్కకు నెట్టింది. గైడ్‌గారి పేరు కొట్టింది. పుస్తకం బుద్ధిగా వచ్చి వాలింది.

ఆమె పైవరస చూసింది. అతని నుదురు దెబ్బకు మళ్ళీ నడిచింది పోయిన వారం నాటి ఇండెక్స్ కమాండ్. ఫైల్లో కొత్త పుస్తకం చేర్చినప్పుడల్లా ఇండెక్స్ మళ్ళీ చెయ్యాలి. పొద్దున కంగారులో మరిచిపోయింది తనే. పిల్లను చంకన పెట్టుకుని ఊరంతా వెతికే జబ్బు ఈ ఇంట్లో ఒక్కడికే కాదన్నమాట.

“చూశారా వదినా? నా తుమ్ముకే హడలిపోయి సొత్తు తిరిగిచ్చేశాడు! అన్నయ్యా, మొదటి తప్పు కాబట్టి వదిలేస్తున్నా.”

కాలిన చొక్కా కోసం వచ్చి గుమ్మంలో నిలబడ్డ మొగుడు బిక్కమొహం వేశాడు. “నీమీద ఒట్టే, నేను కాదే!”

వదిన నోరు తెరిచింది. ఒక్క క్షణం ఆలోచించి మూసుకుంది.

“సరేలెండి,” అంది ఎంతో పెద్దమనసుతో. “ఇంకెప్పుడూ అలా చెయ్యకండి.”