వినపడితే మిషను రాదు

ఆదివారం పొద్దున ఆరున్నరకు హేమలత నోటుపుస్తకంలో రాసుకున్న కార్యక్రమాన్ని మూడోసారి చదువుకుంది. పదిన్నరకు ఇల్లందు నుంచి ఇరవై ఆరుమంది బధిరులు బస్సు దిగుతారు. పదకొండుకు తాడు లాగే పోటీ, తర్వాత ఈలకు బదులు జెండాతో కబడ్డీ, ఒంటిగంటకు పులిహోర. పదకొండుకల్లా హైదరాబాదు నుంచి పరీక్షకురాలు సుబ్బరత్నం మేడమ్ వచ్చి, ఒక మూల కుర్చీలో కూర్చుని, అంతా చూసి మార్కులు వేస్తారు. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుందో హేమలతకు కనిపించలేదు.

ఆమె చదువుతున్నది బధిరులకు వినోద సేవల నిర్వహణలో పీజీ. ఆ తరగతిలో ఉన్నది నలుగురే. ఇది ఆఖరి ప్రాక్టికల్. ఇది పోతే ఏడాది పోతుంది. అయితే తమ తండాలో ఆ చదువేమిటో చెప్పి ఒప్పించడమే రెండేళ్ళుగా ఆమెకు పరీక్షలకంటే కష్టంగా ఉంది. బొగ్గుగనిలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన తండ్రి బద్యా ఆ పొద్దున కూడా టీ గ్లాసు పట్టుకుని అదే అడిగాడు.

"బిడ్డా, ఆటలాడిపియ్యనీకి గూడ పీజీ సదవాల్నా? మేమంతా సదవకుండనే ఆడినం గదా."

"నువ్వాడినవ్ బాపూ. నాగలక్ష్మి ఆడిందా?"

బద్యా టీ తాగడంలో మునిగిపోయాడు. నాగలక్ష్మి హేమలతకు చిన్ననాటి స్నేహితురాలు. పుట్టుకతోనే వినపడదు. ఇప్పుడు ఇల్లందులో బట్టలు కుడుతుంది, అక్కడి బధిరుల సంఘానికి అధ్యక్షురాలు. చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో, తీజ్ పండుగలో అందరూ ఒక్కసారిగా నవ్వితే, ఏమైందని ఆ పిల్ల సైగ చేసి అడిగేది. "తర్వాత చెప్తం" అన్నట్టు పెద్దలు చెయ్యి ఊపేవారు. ఆ 'తర్వాత' అనేది ఎప్పుడూ వచ్చేది కాదు. పీజీ దరఖాస్తులో 'ఈ కోర్సు ఎందుకు ఎంచుకున్నారు' అన్నచోట హేమలత ఇదే రాసింది.

"సరేగానీ బాపూ, ఫ్లెక్సీ కట్టినవా?"

"నిన్న మాపటికే క్రాస్‌రోడ్డు కాడ కట్టిన. అచ్చరాలు ఏమున్నయో నాకెర్క లేదుగానీ, మస్తు పెద్దగున్నయ్. అందరు ఆగి ఫోటోలు తీస్కపోతున్నరు."

హేమలతకు సంతోషం వేసింది. ఊరివాళ్ళకు ఇంత ఆసక్తి ఉంటుందని ఆమె అనుకోలేదు.

ఎనిమిదింటికి తాడు భుజాన వేసుకుని స్కూలు గ్రౌండుకు వెళ్ళేసరికి, అక్కడ నలభైమంది దాకా వరుసగా కూర్చుని ఉన్నారు. ఎక్కువమంది ముసలివాళ్ళు. అందరి చేతుల్లో ఆధార్ జిరాక్సులు. వరుసలో మొదట ఉన్న జంపయ్య లేచి దండం పెట్టాడు. పక్కన అతని తల్లి కన్నమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది.

"గుండాల దిక్కు అడవిల మా ఊరు మేడమ్. మా అమ్మకు రెండేండ్ల సంది వినపడదు. మిషన్లిస్తున్నరని ఫోన్ల చూసి, మొదటి ఆటోకే ఎక్కినం."

"ఏం మిషన్లు?"

"చెవులకు పెట్టుకునేటియి."

అతను ఫోను చూపించాడు. క్రాస్‌రోడ్డు దగ్గరి ఫ్లెక్సీ ఫోటో. 'బధిరులకు ఉచిత వినికిడి శిబిరం' అని ఉంది. కింద ఎవరో పుణ్యాత్ముడు తన వంతుగా, 'మిషన్లు ఫ్రీ. ముందు వచ్చినోళ్ళకే' అని టైపు చేసి పంపాడు.

హేమలత ఫ్లెక్సీ షాపు భాస్కర్‌కు ఫోన్ చేసింది.

"అన్నా, నేను వినోద శిబిరం అని గదా రాసిచ్చింది!"

"అవ్ మేడమ్, మీరు తప్పు రాసిండ్రు. నేనే సరిచేసిన. చెవిటోళ్ళకు వినోదమేంది, వినికిడి అయ్యుంటది అనుకున్న. వేరేటోడైతే తప్పు తప్పుగనే కొట్టి ఇచ్చేటోడు." థాంక్స్ చెబుతుందేమోనని భాస్కర్ కాసేపు ఆగాడు. ఆమె ఫోను పెట్టేసింది.

తొమ్మిదిన్నరకు గ్రౌండులో రెండు వందలమంది అయ్యారు. తిరుమలాయపాలెం నుంచి ఒక ట్రాక్టరు నిండా వచ్చారు. ముసలివాళ్ళతోపాటు నలభై ఏళ్ళ మగవాళ్ళు కూడా తలలు పక్కకు వంచి, చెవుల దగ్గర చేతులు పెట్టుకుని దిగులుగా నిలబడ్డారు. బద్యా గ్రామ పంచాయతీ మైకు తెచ్చి బెంచీ ఎక్కాడు.

"అయ్యలారా, అమ్మలారా! మిషన్లు లేవు! గిది ఆటల క్యాంపు! అందరు జల్దీ ఇండ్లకు పోండి!"

ఒక్కరు కూడా కదలలేదు. నిజంగా వినపడనివాళ్ళకు వినపడలేదు. వినపడేవాళ్ళు విన్నట్టు ఒప్పుకుంటే మిషను రాదు. బద్యా ఇంకో రెండుసార్లు అరిచి, గొంతు పోయాక బెంచీ దిగాడు.

అంతలో వరుస మధ్యలో ఒకాయన ఫోను మోగింది. ఆయన టక్కున తీశాడు. "హలో... ఆఁ, చెవుల క్యాంపుల ఉన్ననే. ఇంకా పిలువలే." చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూసేసరికి ఆయనకు సంగతి అర్థమై, ఫోను చెవి దగ్గరనుంచి తీసి, దాన్ని మొట్టమొదటిసారి చూస్తున్నట్టు అటూ ఇటూ తిప్పాడు.

పదింబావుకు సుబ్బరత్నం మేడమ్ ఆటో దిగారు. ఆమె ముఖం హేమలత ఎప్పుడూ చూడలేదు. తెల్లజుట్టు, చేతిసంచీ చూసి వరుసలోనివాళ్ళు ఆమెను ప్రేమగా లోపలికి లాగారు.

"నేను మిషను కోసం రాలేదండీ. నాకు బాగానే వినపడుతుంది," అన్నారామె.

పక్కనున్న ముత్తక్క కంగారుపడి ఆమె చెయ్యి నొక్కింది. "గట్లనకమ్మా, ఎవలన్న ఇంటరు! ఏది అడిగినా ఆఁ ఆఁ అను, సాలు."

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఇలాంటి వరుసలో ఎప్పుడూ నిలబడలేదు కనుక, మేడమ్ అలాగే నిలబడి చూడసాగారు.

పదిన్నరకు బస్సు వచ్చింది. నాగలక్ష్మి, ఆమె వెనక ఇరవై ఐదుమంది దిగి, తమ కోసం సిద్ధం చేసిన గ్రౌండులో కాలు పెట్టే చోటు లేకపోవడం చూశారు. హేమలత ఎదురు వెళ్ళి, చేతులతో జరిగింది చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. సైగల్లో మాట్లాడేవాళ్ళకు ఏడిస్తే కళ్ళు తుడుచుకోవడం ఒక ఇబ్బంది, మాట మధ్యలో తెగిపోతుంది.

కథ వినోదం వినికిడిగా మారిన చోటికి వచ్చేసరికి నాగలక్ష్మి పడిపడి నవ్వింది. వెనకవాళ్ళకు చెప్పింది. వాళ్ళూ నవ్వారు.

"నవ్వకే. మేడమ్ వచ్చేస్తది. నా ఏడాది పోయినట్టే. వీళ్ళకేమో ఎంత చెప్పినా వినపడదు," అని సైగ చేసింది హేమలత.

నాగలక్ష్మి జనాన్ని ఒకసారి కలియజూసింది. "వినపడనోళ్ళకు చెప్పుడు మాకు కొత్తనా? జెండా ఇయ్యి," అంది చేతులతో.

హేమలత క్షణం ఆలోచించింది. నిర్వాహకురాలు జెండా వేరేవాళ్ళకు ఇవ్వవచ్చా అన్నది ఏ పాఠంలోనూ లేదు. ఇచ్చేసి పక్కకు జరిగింది.

నాగలక్ష్మి బెంచీ ఎక్కి ఎర్రజెండా ఊపింది. రెండు వందల తలలు తిరిగాయి. మిషను లేదని చెవి చూపి, ఖాళీ చేతులు చూపి, రెండు నిమిషాల్లో తేల్చేసింది. కన్నమ్మకు ఆ పొద్దున మొదటిసారి ఒక మాట పూర్తిగా అర్థమైంది. ఎవరూ తన చెవిలో అరవలేదు. ఆమె ముఖం చిన్నబోయింది. నాగలక్ష్మి దిగివచ్చి, ఐదు గులకరాళ్ళు ఏరి ఆమె ముందు పెట్టింది. కన్నమ్మ కాసేపు చూసి, ఒక రాయి పైకెగరేసి మిగతా నాలుగూ ఒక్క ఊపులో ఊడ్చి పట్టింది. అరగంటలో ముగ్గురు పడుచువాళ్ళు ఆమె చేతిలో ఓడిపోయారు.

అటు తాడు లాగే పోటీ మొదలైంది. ఒకవైపు బధిరుల సంఘం, ఇంకోవైపు దిగులుగా తలలు వంచిన మగవాళ్ళు. జెండా లేవగానే సంఘం లాగింది. అవతలివాళ్ళు ఎవరో ఒకరు "రెడీ" అంటారని ఎదురుచూస్తూ బోర్లాపడ్డారు. మూడుసార్లు పడ్డారు. నాలుగోసారి బలం చాలక, వరుసలో ఉన్న సుబ్బరత్నం మేడమ్‌ను కూడా లాక్కొచ్చి తాడు చివర నిలబెట్టారు. ఆమెతో సహా పడ్డారు.

సంఘంవాళ్ళు ఏదో సైగ చేసుకుని విరగబడి నవ్వారు. జంపయ్య దుమ్ము దులుపుకుంటూ నాగలక్ష్మి దగ్గరికి వెళ్ళి, ఏమిటి అన్నట్టు చెయ్యి తిప్పాడు. తర్వాత చెప్తానన్నట్టు ఆమె చెయ్యి ఊపింది. హేమలత అది చూసి ముఖం పక్కకు తిప్పుకుంది. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఆమెకే తెలియలేదు.

పులిహోర అందరికీ పిడికెడు పిడికెడు వచ్చింది. అప్పుడు మేడమ్ చీరకు అంటిన మట్టితో వచ్చి, సంచీలోంచి మార్కుల కాగితం తీశారు. తాడు చివర పడ్డ తెల్లజుట్టు ఆమె ఎవరో హేమలతకు అప్పుడు తెలిసింది.

"ఈ శిబిరం నిర్వహించింది నువ్వు కాదు," అన్నారు మేడమ్.

"కాదు మేడమ్. నాగలక్ష్మి."

"మరి నువ్వేం చేశావు?"

"జెండా ఇచ్చి పక్కకు జరిగిన మేడమ్. ఇంకోటి... నిజంగ వినపడనోళ్ళ పేర్లు రాసుకున్న. ముప్పై ఒక్కమంది. దవాఖానకు తీస్కపోవాలె. పాపం, వాళ్ళు ఉత్తగనే పోతున్నరు."

మేడమ్ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు రాశారు. "రెండేళ్ళ పాఠాల్లో పక్కకు జరగడం ఎక్కడా లేదు," అని మాత్రం అన్నారు.

నెల తిరక్కుండానే హేమలత పాసైనట్టు కాగితం వచ్చింది. అదే వారం ఇల్లందు బధిరుల సంఘం సమావేశమై, తాడు లాగడం కూడా రాని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళ మీద జాలిపడి, వాళ్ళకోసం ప్రతి నెలా ఒక ఆటల రోజు పెట్టాలని తీర్మానించింది. సహాయకురాలిగా హేమలతను తీసుకున్నారు. తీర్మానంలో ఆమె పేరు ఎదుట ఇలా రాశారు: 'వినికిడి ఉంది, అయినా పనికొస్తుంది.'