గురునాథం, బి.ఏ.

ఆ సోమవారం ఉదయం గురునాథం వేసుకున్న పథకం చాలా చిన్నది. రెండు పెసరట్లు తిని, రేపల్లె ప్యాసింజరు ఎక్కి, అక్కడి పాత స్నేహితుడు వెంకటరత్నం చేతిలో యూనివర్సిటీ ఆహ్వానపత్రం పెట్టి, మధ్యాహ్నం భోజనానికి తెనాలి వచ్చేయాలి. మొదటి పెసరట్టు పూర్తవుతుండగా ఫోను మోగింది. రెండో పెసరట్టు పెనం మీదే మాడిపోయింది.

యూనివర్సిటీకి ఆ ఏడాది డెబ్బై అయిదేళ్ళు నిండాయి. మూడు వారాల్లో వజ్రోత్సవాలు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల పూర్వ విద్యార్థుల సంఘానికి గురునాథం కార్యదర్శి. ఎరువుల కొట్టు ఆయన వృత్తి, యూనివర్సిటీ ఆయన పిచ్చి. హాస్టల్లో ఫ్యాన్లు తిరగడం లేదన్నా, లైబ్రరీలో బీరువాలు చాలడం లేదన్నా, మైదానం చుట్టూ మొక్కలు నాటాలన్నా ముప్పై ఏళ్ళుగా మొదటి ఫోను ఆయనకే వస్తుంది. కొట్టుకి యూరియా కోసం వచ్చిన రైతును కూడా కూర్చోబెట్టి, "మీ అమ్మాయిని మన యూనివర్సిటీలో చేర్పించావా లేదా?" అని అడిగే రకం.

ఇప్పుడు ఫోను చేసింది యూనివర్సిటీ రికార్డుల విభాగం సూపరింటెండెంటు సునీల.

"గురునాథంగారూ, వేదిక మీద మిమ్మల్ని సన్మానించాలని వీసీగారు నిర్ణయించారండి. ఒక్క చిన్న పని. మీ డిగ్రీ సర్టిఫికెట్ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టండి. తెర మీద వేస్తారట."

గురునాథానికి పెసరట్టు గొంతులో అడ్డం పడింది. ఆయన దగ్గర సర్టిఫికెట్ లేదు. ఉండే అవకాశమూ లేదు. ఆయన బి.ఏ. పాసవలేదు.

ఈ సంగతి లోకంలో ఆయన ఒక్కడికే తెలుసు. నలభై రెండేళ్ళ కిందట ఫలితాలు పత్రికలో నంబర్ల వరసగా పడేవి. కొల్లూరు లంకకు పత్రిక వచ్చిన రోజున గురునాథం దాన్ని మూడుసార్లు చదివాడు. తన ముందు నంబరు ఉంది, తన వెనక నంబరు ఉంది, మధ్యలో తనది లేదు. అప్పుడే అరటితోటలోంచి తండ్రి వచ్చి, "ఏరా, అయిందా?" అన్నాడు. ఆ మొహం చూసి కాలేదని చెప్పడానికి నోరు రాలేదు. "అయింది నాన్నా" అనేశాడు. తండ్రి వేలిముద్ర మనిషి, కొడుకు మాటే ఆయనకు గెజెట్టు. సాయంత్రానికి లంకలో ఇంటింటికీ చక్కరకేళి పళ్ళు పంచేశాడు. నిజం చెబుదాం చెబుదాం అనుకుంటుండగానే ఆ కార్తీకంలో ఆయన కాలం చేశాడు. అబద్ధం మాత్రం గురునాథం దగ్గరే ఉండిపోయింది.

ఆ తరువాత ఆయన మళ్ళీ పరీక్షకు కట్టలేదు, కాలేజీ ఛాయలకు పోలేదు. ఫలితాల పేజీ కనిపిస్తే పత్రిక మడిచి పక్కన పెట్టేసేవాడు. తండ్రితో ఆడిన అబద్ధానికి పరిహారంగానే యూనివర్సిటీకి ఊడిగం మొదలుపెట్టాడు. పాసైన వాళ్ళు ఎవరి దారిన వాళ్ళు పోయారు, ఫెయిలైన వాడు మాత్రం అంటిపెట్టుకుని ఉండిపోయాడు.

"సర్టిఫికెట్ లేదండి" అన్నాడు గురునాథం. ఫోను స్పీకర్లో ఉంది. భార్య కనకరత్నం అట్లకాడతో వంటింటి గుమ్మంలో ఉంది.

"లేదంటే ఏంటండి?"

"పోయిందండి. తొంభైలో వచ్చిన తుఫానులో."

సముద్రం దగ్గర కాపురం ఉన్నవాళ్ళకు ఇదొక సౌకర్యం. దేనికి జవాబు చెప్పలేకపోయినా తుఫాను మీద పెట్టేయవచ్చు. అది వచ్చి కాదనదు.

కనకరత్నం మాత్రం వచ్చింది. "అప్పుడు మనం రేపల్లెలో ఉన్నాం. నా పట్టుచీరలు రెండూ నీళ్ళపాలయ్యాయని ఇప్పటికీ పెళ్ళిపేరంటాల్లో చెబుతాను. మీ సర్టిఫికెట్ పోయిందని ముప్పై అయిదేళ్ళలో ఒక్క మాటైనా అన్నారా?"

"నువ్వే ఏడుస్తున్నావు కదా, మధ్యలో నాదెందుకని..."

కనకరత్నం అట్లకాడ పట్టుకునే కళ్ళు ఒత్తుకుంది. ఇన్నేళ్ళుగా ఈ మనిషి ఇంత బాధ దాచుకున్నాడా అని ఆమెకు గుండె కరిగిపోయింది. కరిగిన వెంటనే పెద్దనాన్న కొడుకు శ్యాంప్రసాద్‌కు ఫోను చేసింది. అతను బాపట్లలో లాయరు.

"బావగారూ, ఇదసలు పనే కాదు" అన్నాడు శ్యాంప్రసాద్. "పోలీసు స్టేషన్లో ఒక ఫిర్యాదు, ఒక అఫిడవిట్, ఒక సాక్షి. డూప్లికేట్ మీ చేతిలో పెట్టే పూచీ నాది."

"ఈ వయసులో ఎందుకులే శ్యామూ."

"మీరు ఊరుకోండి బావగారూ. అడగనివాళ్ళకి ఏదీ రాదు."

పట్టుపురుగు తన గూడు తనే అల్లుకుంటుంది. గురునాథానికి ఆ శ్రమ కూడా లేదు, చుట్టాలే అల్లిపెట్టారు. ఆ మధ్యాహ్నమే బావమరిది కారులో రేపల్లె తీసుకెళ్ళాడు. స్టేషన్లో హెడ్డుకానిస్టేబులు ఎవరి మీద అనుమానం అని అడిగితే శ్యాంప్రసాద్ తుఫాను మీద అని రాయించాడు.

సాక్షి వెంకటరత్నం. రేపల్లెలో ఐసు ఫ్యాక్టరీ నడుపుతాడు, ఆ రోజుల్లో వీళ్ళకు పక్కింటివాడు. సర్టిఫికెట్ ఎప్పుడైనా చూశావా అని లాయరు అడగడమే ఆలస్యం.

"చూడటమేంటండి? ఫ్రేము కట్టించి, హాల్లో గడియారం కింద పెట్టుకున్నాడు అన్నయ్య. తుఫాను రోజు నడుముల్లోతు నీళ్ళలో అది తేలుతా పోతుంటే పట్టుకుందామని దూకా. వేలికి తగిలింది కూడా. ఇదిగో, ఈ వేలికి."

గురునాథం ఆ వేలు వైపు భయంగా చూశాడు. అంత నమ్మకంగా చెబుతుంటే ఒక్క క్షణం ఆయనకే అనుమానం వచ్చింది. కాదందామంటే, అబద్ధం మొదలుపెట్టినవాడు తనే. అఫిడవిట్ మీద సంతకం పెట్టబోయి తడబడి, ఒక కాగితం పాడుచేసి ఇంకోటి అడిగాడు. పాపం, పాత జ్ఞాపకాలు అనుకున్నారు మిగతా ఇద్దరూ.

వెంకటరత్నం ఆ సాయంత్రమే తన వేలి కథను సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. గురువారానికి అది జిల్లా పేజీలో వచ్చింది. శుక్రవారం నుంచి ఎరువుల కొట్టుకు జనం రావడం మొదలైంది. నిజంగానే ఆ తుఫానులో సర్టిఫికెట్లు పోగొట్టుకున్నవాళ్ళు. జంపని నుంచి ఒకరు, నిజాంపట్నం నుంచి అయిదుగురు, బాపట్ల చుట్టుపక్కల నుంచి ఇంకొందరు. అందరి అర్జీలూ కట్టగట్టి గురునాథం యూనివర్సిటీకి మోసుకెళ్ళాడు. ఆ పనిలో మాత్రం ఆయన తడబడలేదు. వారం తిరక్కుండా కబురు వచ్చింది. నలభై మూడు మందికీ వజ్రోత్సవ వేదిక మీదే డూప్లికేట్లు ఇస్తారు. వాళ్ళందరికంటే ముందు గురునాథంగారికి.

ఆయన పరుగున పోయి సునీలకు ఫోను చేశాడు. "అమ్మా, నాది ఆఖర్న ఇవ్వండి. అసలు ఇవ్వకపోయినా నాకేం ఇబ్బంది లేదు."

"అదేనండి మీ పెద్దమనసు" అంది సునీల. "ఎనభై మూడు రిజిస్టరు నేనే దగ్గరుండి తీయిస్తున్నానండి. మీ పేజీ ముందు చూస్తాను."

ఇక గురునాథానికి కంటి మీద కునుకు లేదు. రిజిస్టరు తెరిచిన రోజున తన బతుకు తెల్లారినట్టే. సంఘం సంగతి అలా ఉంచి, కనకరత్నానికి ఏ మొహం చూపించాలి? డిగ్రీ చదివిన అల్లుడే కావాలని వాళ్ళ నాన్న పట్టుబట్టి చేసిన పెళ్ళి అది. సునీల ఫోను కోసం రోజూ ఎదురుచూశాడు. రాలేదు. రాకపోవడం ఇంకా భయంగా ఉంది.

వజ్రోత్సవం రోజు పొద్దున్నే కడుపునొప్పి అన్నాడు. కనకరత్నం వాము నీళ్ళు తాగించి, పట్టుపంచె కట్టించి బస్సెక్కించి, తనూ ఎక్కింది. రేపల్లె నుంచి వచ్చిన బస్సులో నలభై మూడు మందీ లేచి చప్పట్లు కొట్టారు. నిజాంపట్నంలో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకునే క్రిస్టినా పక్క సీట్లోంచి వంగి ఆయన చెయ్యి పట్టుకుంది. "సర్టిఫికెట్ చూపించమంటే ఎన్ని ఉద్యోగాలు వదులుకున్నానో అన్నయ్యగారూ. మీ పుణ్యాన ఇవాళ నా పేరు నేను చూసుకుంటాను."

ఆ మాటతో గురునాథం మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇలాంటి మనిషి కంటే ముందు తను వెళ్ళి, లేని చదువుకు కాగితం పుచ్చుకోవాలి. అంతకంటే సిగ్గుచేటు ఇంకోటి ఉంటుందా? బస్సు యూనివర్సిటీ గేటు దాటేసరికి ఆయన ఒక నిర్ణయానికి వచ్చేశాడు. ఆ తరువాత కడుపునొప్పి ఊసెత్తలేదు.

మైదానం నిండా జనం. డెబ్బై అయిదేళ్ళ ఫొటోలు తెర మీద తిరుగుతున్నాయి. మొదట్లో కట్టిన రేకుల షెడ్లు, సైకిళ్ళ మీద వచ్చిన తొలి బ్యాచ్, చందాలు వేసుకుని లైబ్రరీ కట్టించిన రైతులు. గురునాథం పేరు పిలిచారు. వీసీ శాలువా విప్పారు. గురునాథం శాలువా దాటుకుని మైకు దగ్గరకు వెళ్ళాడు.

"నేను బి.ఏ. ఫెయిలయ్యానండి."

వెనక వరసల్లో ఎవరో నవ్వారు. పెద్దమనిషి జోకు వేస్తున్నాడు అనుకున్నారు.

"జోకు కాదండి. పేపర్లో నా నంబరు లేదు. తుఫాను నా సర్టిఫికెట్ తీసుకుపోలేదు, నాకసలు సర్టిఫికెట్టే లేదు. ముందు మా నాన్నతో అబద్ధమాడాను. తర్వాత మా ఆవిడతో, తర్వాత మీ అందరితో. కింద కూర్చున్న నలభై మూడు మందివీ నిజమైన చదువులు. వాళ్ళవి ఇచ్చేయండి. నాకీ శాలువా వద్దు."

కనకరత్నం తల ఎత్తలేదు. మూడో వరసలో వెంకటరత్నం మాత్రం లేచి నిలబడ్డాడు.

"మరి నా వేలికి తగిలిందేంటి?" అని అడిగాడు. శ్యాంప్రసాద్ అతని చొక్కా పట్టి కూర్చోబెట్టాడు.

అప్పుడే పక్క మెట్ల మీదుగా సునీల ఎక్కి వచ్చింది. చీర కుచ్చిళ్ళ నిండా దుమ్ము, చేతిలో పాత కవరు. ఆయాసపడుతూ మైకు అందుకుంది.

"క్షమించాలి సార్. గురునాథంగారికి డూప్లికేట్ ఇవ్వడం కుదరదండి."

"ఆయనే చెప్పారు కదమ్మా" అన్నారు వీసీ.

"అందుకు కాదండి. ఒరిజినల్ ఇచ్చాకే డూప్లికేట్ ఇవ్వాలి. ఈయన ఒరిజినల్ ఇంకా మన దగ్గరే ఉంది. ఇచ్చినట్టు సంతకం లేకపోతే అనుమానం వచ్చి పాత గోడౌను వెతికించానండి. ఇప్పుడే దొరికింది." ఆమె కవరు పైకెత్తింది. "గురునాథంగారు పాసయ్యారండి."

"నా నంబరు పేపర్లో లేదమ్మా" అన్నాడు గురునాథం, తప్పంతా ఆమెదే అన్నట్టు.

"ఆ రోజు పేపర్లో లేదండి. మీ సెంటరు హిస్టరీ కట్ట ఒకటి దిద్దడం ఆలస్యమైంది. మీతో కలిపి ఏడుగురి ఫలితాలు తొమ్మిది రోజుల తర్వాత ఇచ్చారు. ఏడుగురూ పాసే."

తొమ్మిది రోజుల తరువాత ఫలితాల పేజీ చూసే ధైర్యం గురునాథానికి లేదు. నలభై రెండేళ్ళుగా లేదు.

"ఇంకోటి కూడా ఉందండి" అంది సునీల. కవరులోంచి ఇంకో కాగితం తీసింది. "కాన్వొకేషన్ దరఖాస్తు. మీ నాన్నగారు ఆ శ్రావణమాసంలో స్వయంగా వచ్చి ఇచ్చి వెళ్ళారు. ఇదిగో వేలిముద్ర. సర్టిఫికెట్ ఎలా పంపాలి అన్న చోట గుమాస్తా ఆయన చెప్పింది చెప్పినట్టు రాసేశాడు. 'పోస్టులో పంపొద్దు, నలిగిపోద్ది. మావాడే వచ్చి తీసుకుంటాడు.' అందుకని ఇన్నేళ్ళూ పంపలేదండి."

గురునాథం ఆ వేలిముద్ర మీద చెయ్యి పెట్టాడు. తండ్రి లంక దాటి, బస్సులు మారి, దారి అడుగుతూ వచ్చి ఉంటాడు. కొడుక్కి చెప్పకుండా ఒకరోజు ఈ కాగితం చేతిలో పెట్టించాలనుకుని ఉంటాడు.

"అయితే, ఆ రోజు నేను మా నాన్నతో చెప్పింది..."

"నిజమేనండి."

ఆయన మైకు ముందే భోరున ఏడ్చేశాడు. దాచుకోవాలని కూడా అనుకోలేదు. ముందు క్రిస్టినా లేచి చప్పట్లు మొదలుపెట్టింది. తరువాత నలభై మూడు మందీ లేచారు, తరువాత మైదానం మొత్తం లేచింది. కుర్రాళ్ళు ఈలలు వేశారు. వీసీ ఆయనకు శాలువా కప్పుతూ, కళ్ళు తుడుచుకోవడానికి దాని కొసే వాడుకున్నారు. నలభై రెండేళ్ళు ఆలస్యంగా గురునాథం తన సంతకం పెట్టి, తన పట్టా తను తీసుకున్నాడు. నలభై నాలుగు పట్టాలతో దిగిన ఫొటోలో అందరికంటే వెడల్పుగా నవ్వుతున్నది వెంకటరత్నం.

"నేను చెప్పలా, సర్టిఫికెట్ ఉందని?" అన్నాడతను.

శ్యాంప్రసాద్ బావగారి చెవిలో గొణిగాడు. "సర్టిఫికెట్ పోలేదు కాబట్టి మన అఫిడవిట్ తప్పు. ఫెయిలవలేదు కాబట్టి మీరిప్పుడు చెప్పిందీ తప్పు. దయచేసి మళ్ళీ మైకు ముట్టుకోకండి బావగారూ."

గురునాథం మెట్లు దిగి, పట్టా రెండు చేతులతో పట్టుకుని భార్య ముందు నిలబడ్డాడు. కనకరత్నం దాన్ని పైనుంచి కింది దాకా చదివింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"అబద్ధం చెప్పడం మీకు చేతకాదని నాకు ముందే తెలుసు" అంది. "నిజం చెప్పడం కూడా చేతకాదని ఇవాళే తెలిసింది."

అని, ఆయన శాలువా సర్ది, సునీలను పక్కకు పిలిచి దూరవిద్యలో ఎం.ఏ. పరీక్షకు కట్టడానికి ఆఖరు తేదీ ఎప్పుడో కనుక్కుంది.